రాత్రి పదింటి డోసు: హాస్పిస్ ఇంటర్న్‌షిప్‌లో ఒక కేసు

ఎం.ఎస్.డబ్ల్యూ. (సోషల్ వర్క్ పీజీ) రెండో సంవత్సరంలో బ్లాక్ ప్లేస్‌మెంట్ కోసం, అంటే కొన్నాళ్లు ఒకేచోట ఉండి చేసే ఫీల్డ్ శిక్షణ కోసం, నన్ను హైదరాబాద్‌లోని ఒక హాస్పిస్‌కి వేశారు. జబ్బు ఇక నయం కాదన్న దశలో నొప్పి, బాధ తగ్గించి కడదాకా చూసుకునే చోటు అది. చదువయ్యాక అదే రంగంలో మెడికల్ సోషల్ వర్కర్‌గా కుదిరాను. తర్వాత చాలా కేసులు చూశాను. కానీ కొత్తగా వచ్చే ఇంటర్న్‌లు "ఇక్కడ మనకి పనేముంటుంది మేడం, ధైర్యం చెప్పడమేగా?" అని అడిగినప్పుడల్లా నేను చెప్పేది ఈ కేసే. ఇందులో చెప్పుకోదగ్గ కౌన్సెలింగ్ సెషన్ ఒక్కటీ లేదు. ఉన్నవల్లా ఒక మందుల చార్టు, ఒక వాట్సాప్ వీడియో కాల్, ఒక పీఎఫ్ నామినేషన్. ఈ మూడూ పక్కపక్కన పెట్టి చూస్తేగానీ ఆమె నొప్పి సంగతి మాకు అంతుపట్టలేదు.

పేర్లు రాయడం లేదు. గుర్తుపట్టే వీలున్న వివరాలు కొన్ని మార్చాను.

ఎవరు, ఎలా వచ్చారు

ఆమెకు 51 ఏళ్లు. జగిత్యాల వైపు ఊరు. చిన్నప్పుడే చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుట్టడం మొదలుపెట్టింది, కూర్చోలేని రోజు వచ్చేదాకా మానలేదు. భర్త కౌలు రైతు. కూతురికి పెళ్లయింది, పక్క మండలంలో ఉంటుంది. కొడుకు సౌదీలో, ఒక కంపెనీ క్యాంపులో. వీసా కోసం ఏజెంటుకి కట్టిన డబ్బు రెండు రూపాయల మిత్తికి తెచ్చినది. అందులో సగం కూడా ఇంకా తీరలేదు.

జబ్బు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్. మన దేశంలో ఆడవాళ్లకి వచ్చే క్యాన్సర్లలో రొమ్ము క్యాన్సర్ తర్వాత ఎక్కువగా కనిపించేది ఇదే. ముట్లు ఆగిపోయాక మళ్లీ రక్తం కనబడితే ఆమె ఏడాదిపాటు ఎవరికీ చెప్పలేదు. చెప్పేనాటికి జబ్బు ముదిరింది. ఆరోగ్యశ్రీ కింద రేడియేషన్ అయింది, కొన్నాళ్లు బాగానే ఉంది, మళ్లీ తిరగబెట్టింది. మా దగ్గరికి వచ్చేసరికి నడుములోంచి కాలి దాకా నరం లాగేసే నొప్పి. మూత్రాశయానికి రంధ్రం పడి ఎప్పుడూ తడి, దాంతోపాటు వాసన. మూత్రనాళాలు ఒత్తుకుపోయి, కిడ్నీలు దెబ్బతింటున్నాయని చెప్పే క్రియాటినిన్ రక్తంలో పెరుగుతోంది. కిడ్నీల్లోకి వీపు వైపు నుంచి గొట్టం వేసి మూత్రం బయటికి తీసే పద్ధతి గురించి డాక్టర్లు అంతకుముందే చెప్పారట. ఆమె వద్దంది. భర్త కూడా బలవంతపెట్టలేదు.

హాస్పిస్ అంటే ఏమిటో వాళ్లకి తెలియదు. జేబీఎస్‌లో బస్సు దిగి, ఆటోలో వచ్చి, గేటు దగ్గర భర్త అడిగిన మొదటి మాట "ఇక్కడ రోజుకెంత?" అని. ఏమీ కట్టక్కర్లేదని చెబితే నమ్మలేదు. రెండో రోజు కూడా నన్ను పక్కకి పిలిచి అడిగాడు. ఉచితం అనే మాట విని భయపడే కుటుంబాలు ఉంటాయని పుస్తకంలో చదవలేదు. ఫీజు లేని చోట ఇంకేదో అడుగుతారని వాళ్ల అనుభవం.

వైద్యం వైపు

కేసు అర్థం కావాలంటే మార్ఫిన్ గురించి కొంచెం తెలియాలి. క్యాన్సర్ నొప్పికి మార్ఫిన్ మాత్ర నాలుగు గంటలకోసారి, నొప్పి వచ్చినా రాకపోయినా, గడియారం చూసి ఇస్తారు. రాత్రి పడుకునే ముందు రెట్టింపు మాత్ర ఇస్తే నడిరాత్రి లేపనక్కర్లేదు. దానితోపాటు విరేచనం సాఫీగా అయ్యే మందు తప్పనిసరి, లేకపోతే మలబద్ధకంతో ఇంకో బాధ మొదలవుతుంది. మధ్యలో నొప్పి పొడుచుకొస్తే అదనంగా ఇచ్చేదాన్ని వార్డులో ఎస్‌ఓఎస్ డోసు అంటారు. నోటితో వేసుకున్న మార్ఫిన్ అరగంటలో పనిచేయడం మొదలుపెడుతుంది, గంటకల్లా బాగా పట్టుకుంటుంది. ఈ లెక్క గుర్తుంచుకోవాలి, తర్వాత పనికొస్తుంది.

ఒకప్పుడు ఈ మాత్ర దొరకడమే గగనంగా ఉండేది. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం కింద ఒక్కో రాష్ట్రం ఒక్కో రకం లైసెన్సులు అడిగేది. 2014లో చట్టం సవరించి, గుర్తింపు పొందిన వైద్య సంస్థలకి దేశమంతటా ఒకే పద్ధతి పెట్టారు. అయినా మార్ఫిన్ అనగానే జనానికి రెండే గుర్తొస్తాయి: అలవాటు పడిపోతారని, లేదా అది మొదలుపెట్టారంటే ఇక అయిపోయిందని. ఈమె కూతురికి ఆ రెండో భయం ఉండేది.

కిడ్నీలు పాడైన మనిషికి మార్ఫిన్‌తో ఒక చిక్కుంది. ఒంట్లోంచి బయటికి పోవాల్సినవి పోక పేరుకుంటాయి. మగతగా ఉండటం, చేతులు కాళ్లు ఉన్నట్టుండి ఎగిరిపడటం మొదలవుతుంది. అందుకే మా డాక్టరు మాత్రల మధ్య గడువు పెంచి, జాగ్రత్తగా నడిపిస్తున్నారు. అంత జాగ్రత్తలోనూ ఆమె రోజూ ఎస్‌ఓఎస్ అడుగుతోంది. అడిగేది ఒక్కసారే. అదీ రాత్రే. "నొప్పి పదికి ఎంత అంటే పగలు నాలుగంటుంది, రాత్రి తొమ్మిదంటుంది" అని నర్సులు రాసిపెట్టారు. నొప్పి రాత్రిపూట ఎక్కువవడం మామూలే, పగటి సందడి ఉండదు, మనసు దానిమీదే ఉంటుంది. మొత్తం డోసు పెంచాలా, మందే మార్చాలా అని టీమ్ మీటింగ్‌లో చర్చ మొదలైంది.

చార్టు చదవడం

మా సూపర్‌వైజర్‌కి ఒక అలవాటు ఉండేది. రోగితో జరిగిన మాటలన్నీ మేం రాసిపెట్టే ప్రాసెస్ రికార్డింగ్‌లో "రోగికి ధైర్యం చెప్పాను" అని కనిపిస్తే ఎర్ర పెన్నుతో కొట్టేసేవారు. "నువ్వేమన్నావో రాయి, ఆమె ఏమందో రాయి, ఆ టైముకి గదిలో ఎవరున్నారో రాయి." టైము రాయడం అలా అలవాటైంది. ఆ అలవాటుతోనే డ్రగ్ చార్టు తీసి చూస్తే ఎస్‌ఓఎస్ పక్కన ఉన్న టైములు నాకు వింతగా అనిపించాయి. 9:45, 9:50, 9:40, 9:45. నొప్పి ఇంత టైము తప్పకుండా రాదు. ఒక్కరోజు మాత్రం ఎస్‌ఓఎస్ లేదు. అది గురువారం రాత్రి.

ఈవెనింగ్ డ్యూటీ కావాలని అడిగి, చార్టు చూసిన రోజు రాత్రి ఉండిపోయాను. తొమ్మిదిన్నరకి ఆమె భర్తని లేపింది. "ఓ అయ్యా, నీళ్లు తే." తడిచేత్తో జుట్టు సర్దించుకుంది. దిండు కింద నుంచి స్టిక్కర్ల అట్ట తీసి బొట్టు పెట్టుకుంది. రెండు దిండ్లు వీపు వెనక పెట్టించుకుని గోడకి ఆనుకుంది. సిస్టర్‌ని పిలిచి నొప్పి మాత్ర అడిగింది. మాత్ర వేసుకున్నాక దాదాపు ముప్పావుగంట ఎవరితోనూ మాట్లాడకుండా కళ్లు మూసుకుని కూర్చుంది. పదిన్నరకి ఫోన్ మోగింది. భర్త ఫోన్‌ని ఆమె మొహానికి ఎంత దగ్గరగా పట్టుకున్నాడంటే, మంచం పట్టీ గానీ పక్కనున్న స్టాండు గానీ తెరమీద పడే వీల్లేదు.

"తిన్నవా బిడ్డా? ఏం కూర? అక్కడ ఎండలెట్లున్నయ్?"

అయిదారు నిమిషాలు. నవ్వింది కూడా. ఫోన్ పెట్టేశాక ఒక పక్కకి ఒరిగిపోయి, దుప్పటి కొస నోట్లో కుక్కుకుంది.

సౌదీ టైము మనకంటే రెండున్నర గంటలు వెనక. అతని డ్యూటీ రాత్రి ఎనిమిదింటికి అయిపోతుంది, అంటే మనకి పదిన్నర. శుక్రవారం సెలవు, అందుకని గురువారం రాత్రి స్నేహితులతో బయటికి వెళ్తాడు, ఆ రోజు ఫోన్ చేయడు. అమ్మకి గర్భసంచిలో గడ్డ అని, హైదరాబాద్‌లో చుట్టాలింట్లో ఉండి మందులు వాడుతోందని అతనికి చెప్పారు.

ఆమె అడిగిన మాత్ర నొప్పికే. అందులో అబద్ధం లేదు. కానీ కొడుకు ముందు కూర్చుని నవ్వే ఆ కాసేపటికి కావాల్సిన మాత్ర అది. ఇదంతా మర్నాడు మీటింగ్‌లో చెబితే డాక్టరు వెంటనే మొత్తం డోసు పెంచే ఆలోచన పక్కనపెట్టారు. ఆ టైముకి ఇవ్వాల్సిన మామూలు మాత్రనే కాస్త ముందుకి జరిపారు. వైద్యంవైపు చేయాల్సింది అంతే, రెండు నిమిషాల్లో తేలిపోయింది. మిగతాది మా మీద పడింది.

హాస్పిస్ ఉద్యమానికి ఆద్యురాలు సిసిలీ సాండర్స్ మొదట నర్సు, తర్వాత ఆసుపత్రి సోషల్ వర్కర్, ఆ తర్వాతే డాక్టరు. 1967లో లండన్‌లో సెయింట్ క్రిస్టోఫర్స్ హాస్పిస్ మొదలుపెట్టింది ఆవిడే. ఒంటి నొప్పి, మనసు బాధ, ఇంటి చిక్కులు, దేవుడి మీద సందేహాలు అన్నీ కలిసిన ముద్దనే ఆవిడ నొప్పి అంది. క్లాసులో దీన్ని నాలుగు గళ్ల బొమ్మగా వేసి చూపిస్తారు. వార్డులో ఆ గళ్లు కనబడవు. 9:45 అని రాసిన ఒక వరస కనబడుతుంది.

(మరో సంగతి. మా కాలేజీ కేస్ ఫార్మాట్‌లో "రోగి ప్రస్తుతం ఏ దశలో ఉన్నారు" అని ఒక గడి ఉండేది. చావు ఎదురైన మనిషి మనసు దాటే దశలని ఎలిజబెత్ కూబ్లర్ రాస్ 1969లో చెప్పిన ఐదింట్లో ఒకటి రాయాలి. ఈ కేసులో దాన్ని ఖాళీగా వదిలేశాను. పగలు అన్నీ ఒప్పుకున్న మనిషి రాత్రి పదిన్నరకి ఏమీ జరగనట్టు ఉంటే ఏ దశ అని రాయాలి?)

ఎవరికి ఏం తెలుసు

ఆమెకి జబ్బు సంగతి చెప్పొద్దని చేరిన రోజే కూతురు మా దగ్గర మాట తీసుకుంది. కొడుక్కి చెప్పొద్దని తండ్రి. అందరూ ఆమె నుంచి దాస్తున్నామనుకుంటున్నారు. నేను ఆమె పక్కన కూర్చుని "మీ ఒంట్లో సంగతి మీకేమనిపిస్తోంది అమ్మా?" అని అడిగితే కళ్లలోకి చూసి అంది: "నాకెర్కనే బిడ్డా. రేడియేషన్ కాడ నా పక్క మంచపామె సుత గిట్లనే ఉండె. మా బిడ్డకు చెప్పకు, నాకు ఎర్కున్నట్టు తెలిస్తే ఏడుస్తది."

ఇలా ఒకరి కోసం ఒకరు దాచుకోవడం మన ఇళ్లలో ప్రేమకి గుర్తు. దాన్ని తప్పుగా చూసే పాఠాలు నాకు నచ్చవు. రోగికి నిజం చెప్పడం అమెరికా పుస్తకాల్లో ఒక హక్కు, ఒక ప్రోటోకాల్. ఇక్కడ "నిజం చెప్పాలి" అని పట్టుబడితే మూడో రోజు డిశ్చార్జ్ చేయించుకుని వెళ్లిపోతారు. కానీ దాచడానికీ ఖర్చుంటుంది, ఆ ఖర్చు ఎవరు పెడుతున్నారో చూడాలి. ఈ ఇంట్లో ఆమె పెడుతోంది, రోజూ రాత్రి పది గంటలకి.

అయినా "మీ కొడుక్కి చెప్పేయండి" అని నేను అనలేదు. చెప్పాల్సిన అవసరం ఇంకో దారిలో వచ్చింది.

ప్లాస్టిక్ కవరు

భర్త దగ్గర ఒక ప్లాస్టిక్ కవరు ఉండేది. రేషన్ కార్డు, ఆధార్లు, బ్యాంకు పాస్‌బుక్కు, అప్పు చీటీలు, ఆసుపత్రి కాగితాలు అన్నీ అందులోనే. ఆరోగ్యశ్రీ కాగితం కోసం వెతుకుతుంటే పాత పీఎఫ్ స్లిప్పు ఒకటి బయటపడింది. బీడీ పరిశ్రమకి పీఎఫ్ 1977 నుంచే ఉంది. ఉత్తర తెలంగాణలో బీడీలు చుట్టే ఆడవాళ్లలో చాలామందికి జీవితం మొత్తంలో కూడబెట్టిన సొమ్ము అదొక్కటే. ఆడపిల్లకి సంబంధం చూసేటప్పుడు "పిల్లకు పీఎఫ్ ఉన్నదా" అని అడిగే ఊళ్లున్నాయి.

స్లిప్పు చూస్తే మూడు తప్పులు. పేరు పుట్టింటి ఇంటిపేరుతో ఉంది, ఆధార్‌లో అత్తింటిది. పుట్టిన సంవత్సరం రెండుచోట్లా రెండు రకాలు. నామినీగా ఉన్నది ఆమె తల్లి, ఆవిడ పోయి చాలా ఏళ్లయింది. పెళ్లికి ముందు చేసిన నామినేషన్ పెళ్లయి కుటుంబం ఏర్పడ్డాక పీఎఫ్ నిబంధనల ప్రకారం చెల్లదు కూడా. ఇది ఎవరూ చెప్పరు, క్లెయిమ్ వెనక్కి వచ్చాకే తెలుస్తుంది.

మనిషి ఉండగా ఈ తప్పులు సరిచేయించడానికి కార్మికురాలు, యజమాని కలిసి ఇచ్చే జాయింట్ డిక్లరేషన్ చాలు. మనిషి పోయాక అదే పని వారసత్వ ధ్రువపత్రం, ఆఫీసుల చుట్టూ తిరగడం, మధ్యవర్తి కమీషన్. అప్పు మీద మిత్తి మాత్రం ఆగదు.

దీనిమీద మా టీమ్‌లోనే మాటామాటా వచ్చింది. అనుభవం ఉన్న ఒక సిస్టర్‌కి నా పని అస్సలు నచ్చలేదు. "పోయే మనిషి మంచం దగ్గర కాగితాలేంటమ్మా, ప్రశాంతంగా ఉండనివ్వు" అన్నారు. ఆవిడ మాటలో న్యాయం ఉంది. ఆఖరి రోజుల్లో బంధువులు వేలిముద్రలు వేయించుకుని వెళ్లిపోయిన సంగతులు ఆవిడ చూసింది. అందుకే నేను భర్తని అడగలేదు, నేరుగా ఆమెనే అడిగాను. పీఎఫ్‌లో ఇలా ఉంది, ఏం చేద్దామని. మంచం దిగలేని మనిషి మోచేతి మీద లేచింది. "అది నా పైస. తంబాకు ముక్కుల పోంగ చేసిన. ఎట్లొదుల్త?" అంది. ఆ రోజు మధ్యాహ్నం తెల్ల కాగితం మీద సంతకం ప్రాక్టీసు చేసింది. అంతకుముందు వరకు వేలిముద్రే వేసేది.

వేలిముద్ర వల్ల లాభం లేదని ఆమెకి ముందే తెలుసు. ఆకు చుట్టి చుట్టి వేళ్ల కొనలు నున్నగా అయిపోయాయి. రేషన్ షాపులో మెషిన్ ఎప్పుడూ పట్టదు. బొటనవేలు నాకు చూపించింది, గీతలు ఉండాల్సిన చోట అద్దంలా ఉంది. ఆన్‌లైన్‌లో నామినేషన్ మార్చాలంటే ఆధార్‌కి కలిపిన ఫోన్‌కి ఓటీపీ రావాలి. ఆ నంబరు ఎవరిదని చూస్తే కొడుకుది. సౌదీ వెళ్లేటప్పుడు ఆ సిమ్ తీసుకెళ్లాడు, బ్యాంకు మెసేజ్‌ల కోసం రోమింగ్‌లో పెట్టుకున్నాడు. అప్పట్లో నంబరు మార్పించాలంటే ఆమె స్వయంగా ఆధార్ కేంద్రానికి వెళ్లాల్సి ఉండేది.

అంటే తండ్రి పేరున నామినేషన్ మార్చడానికి కొడుకు ఫోన్‌కి ఓటీపీ వెళ్తుంది. ఎందుకని అడగకుండా ఉండడు.

చెప్పడం

సూపర్‌వైజర్‌తో కూర్చుని ఇది ముందే ఆలోచించుకున్నాం. ఏదో ఒక అబద్ధం చెప్పి ఓటీపీ తెప్పించుకోవచ్చు, "పీఎఫ్ ఆఫీసువాళ్లు అందరినీ మార్చుకోమన్నారు" అంటే సరిపోతుంది. భర్త సరిగ్గా అదే అన్నాడు. కానీ ఆ అబద్ధం మా చేతులమీదుగా వెళ్లేది. తర్వాత నిజం తెలిసిన రోజు, తల్లి చావుకోసం కాగితాలు సర్దుతూ తన చేతే నంబరు చెప్పించారని అతనికి అర్థమవుతుంది. దాన్ని అతను మర్చిపోడు. ఈ మాట ఆమెకి ఉన్నదున్నట్టు చెప్పి, నిర్ణయం ఆమెకే వదిలాం. ఒక రోజు గడువు అడిగింది.

మర్నాడు "నేనే చెప్త. నా నోట వినాలె" అంది.

అప్పుడు కుటుంబాన్ని కూర్చోబెట్టాం. కూతురు గట్టిగా అడ్డం తిరిగింది. తమ్ముడు ఒక్కడే ఉంటాడు, ఏమన్నా చేసుకుంటే ఎవరు బాధ్యులని అడిగింది. అది ఊరికే అన్న మాట కాదు. గల్ఫ్ నుంచి పెట్టెల్లో వచ్చిన మనుషులు ప్రతి ఊళ్లో ఉన్నారు. కాబట్టి ఆ భయానికి జవాబు మాటల్లో ఇవ్వలేదు, ఏర్పాట్లలో ఇచ్చాం. అదే క్యాంపులో పక్క ఊరి కుర్రాడు ఒకడున్నాడు. అతని నంబరు తండ్రి దగ్గరుంది. ముందుగా అతనికి చెప్పి, ఫోన్ వచ్చే టైముకి గదిలో ఉండమన్నాం. అతని సెలవు రోజు శుక్రవారం పెట్టుకున్నాం, డ్యూటీ హడావుడి లేకుండా మధ్యాహ్నం పూట. మాట ఎక్కడ మొదలుపెట్టాలో ఆమెతో రెండుసార్లు అనుకున్నాం.

అనుకున్నట్టు ఆమె మొదలుపెట్టలేదు. బొట్టు పెట్టుకోలేదు, మాత్ర అడగలేదు, ఫోన్ దూరంగా పట్టుకోమని భర్తకి చెప్పింది. మంచం, స్టాండు, వార్డు అన్నీ కనబడేలా. చూసి అతనే అడిగాడు, "యాడున్నవమ్మా?" అని.

ఆ తర్వాత మాటలు ఇక్కడ రాయను. ఒక్కటి మాత్రం రాయాలి, ఎందుకంటే అది కేసు నడకని మార్చింది. అతను వెంటనే వచ్చేస్తానన్నాడు. ఎగ్జిట్ రీ ఎంట్రీ (ఊరికి వచ్చి మళ్లీ సౌదీ వెళ్లేందుకు అనుమతి) కంపెనీ ఇవ్వకపోతే ఉద్యోగం వదిలేసి అయినా వస్తానన్నాడు. ఆమె గొంతు గట్టిపడింది. "వచ్చి ఏం జేస్తవ్, నన్ను మోస్తవా? నన్ను మీ బాపు మోస్తడు. నువ్వు ఆడుండి అప్పు మొయ్యి."

హాస్పిస్ గురించి రాసే ప్రతి చోటా ఆఖరి ఘడియల్లో అయినవాళ్లందరూ చుట్టూ ఉండటం మంచి చావు అని ఉంటుంది. ఆమెకి మంచి చావు అంటే అప్పు కొడుకు మీద ఇంకా పెరగకుండా పోవడం. నా కేస్ ప్లాన్‌లో "కుమారుడిని రప్పించడం" అని ఒక లక్ష్యం ఉండేది. దాన్ని సూపర్‌వైజర్ ఎదుటే నేను కొట్టేసి, "రోగి కోరిక మేరకు, కుమారుడు దూరం నుంచే పాల్గొనేలా చూడటం" అని తిరగరాశాను. వాస్తవంగా అది ఎక్కువ పని. రోజూ రెండుసార్లు వీడియో, డాక్టరుతో అతను మాట్లాడటానికి ఒక టైము, అక్కతో తగువు పడకుండా ఇద్దరికీ ఒకే సమాచారం. ఓటీపీ ఆ రాత్రే వచ్చింది, అతనే చదివి చెప్పాడు.

నొప్పికి ఏమైంది

పోయిందని రాస్తే అబద్ధం. 9:45 ఎస్‌ఓఎస్‌లు ఆగిపోయాయి, అది చార్టులో ఉంది. నిద్ర మెరుగుపడింది. నరం లాగే నొప్పి అలాగే ఉంది, కాకపోతే ఇప్పుడు అది వచ్చినప్పుడు అడుగుతోంది, పగలైనా రాత్రైనా. నిజమైన లెక్క దొరికింది కాబట్టి డాక్టరు మార్ఫిన్ తీసేసి ఫెంటనిల్ ప్యాచ్ పెట్టారు. ఒంటికి అంటిస్తే మూడు రోజులు పనిచేస్తుంది, కిడ్నీలు పాడైనవాళ్లకి మార్ఫిన్ కంటే మేలు. వాసనకి మెట్రోనిడజోల్ అనే మందు వాడారు, కొన్నాళ్లకి తగ్గింది. ఆ తర్వాతే పక్క మంచం వాళ్లతో మాట్లాడటం మొదలుపెట్టింది. వాసన తగ్గడం కూడా సోషల్ వర్కే అని అప్పుడర్థమైంది.

తర్వాతి వారం మగత పెరిగింది. ఒక మధ్యాహ్నం ఆమె వేళ్లు దుప్పటి అంచుని పట్టుకుని నలుపుతూ, చుడుతూ, కొస మడిచి నొక్కుతూ, పక్కన పెట్టినట్టు చేసి మళ్లీ మొదలుపెడుతున్నాయి. సరిగ్గా బీడీ చుట్టే తీరు. కూతురు భయపడి గాలి సోకిందంది. కిడ్నీలు పనిచేయనప్పుడు మెదడుకి తికమక పట్టే డెలీరియం అది. ఎన్నో ఏళ్లు చేతులు చేసిన పనే అప్పుడు బయటికి రావడం చాలామందిలో చూస్తాం. డాక్టరు కొద్ది డోసులో మందు ఇచ్చారు. నేను కూతురికి చెప్పింది ఒకటే, చేతులు పట్టుకుని ఆపొద్దని, భయమేస్తే పక్కన కూర్చుని మాట్లాడమని. కాసేపటికి కూతురే "అమ్మా, కట్టలు నేను కడతలే" అంది.

ఇంటికి

తికమక తగ్గిన రోజు ఆమె ఊరికి పోతానంది. సొంత ఇల్లు ఉంది కాబట్టి ఇది వీలైంది. హైదరాబాద్‌లో అద్దె ఇళ్లలో ఉండే కుటుంబాలకి ఆ అదృష్టం ఉండదు, ఇంట్లో చావు జరిగితే ఒప్పుకోని ఓనర్లు ఎక్కువ. చివరి రోజుల్లో హాస్పిస్‌కి వచ్చే కొందరు జబ్బు వల్ల కాదు, ఆ భయం వల్ల వస్తారు.

డిశ్చార్జ్ అంటే చేతులు దులుపుకోవడం కాదు. జిల్లా ఆసుపత్రిలోని పాలియేటివ్ కేర్ (నయంకాని జబ్బుల్లో బాధ తగ్గించే వైద్యం) కేంద్రానికి కేసు అప్పగించాం. తెలంగాణలో జిల్లాల్లో ఈ కేంద్రాలు ఉండటం, వాటి నర్సులు ఇళ్లకి వెళ్లి చూడటం ఎంత పెద్ద సౌకర్యమో పక్క రాష్ట్రాల కుటుంబాలతో పనిచేసేటప్పుడు తెలుస్తుంది. ప్యాచ్‌లు, నోరు ఎండిపోకుండా తడపడం, పక్క మార్చడం, గురక లాంటి శబ్దం వస్తే అది ఆమెకి బాధ కాదని చెప్పడం, ఇవన్నీ సిస్టర్ భర్తకి చేయించి చూపించారు. అర్ధరాత్రి ఏదైనా అయితే 108కి చేయాలా, మాకు చేయాలా అన్నది కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసిచ్చాం. ఇది మామూలు విషయంగా కనిపిస్తుంది గానీ, ఆఖరి గంటలో కంగారుపడి అంబులెన్స్ ఎక్కించడం వల్లే చాలామంది దారిలో పోతారు. కాగితాలు వద్దన్న ఆ సిస్టరే బీడీ కార్ఖానా ఆఫీసుకి ఫోన్ చేసి, జాయింట్ డిక్లరేషన్ మీద సంతకం ఆ వారంలోనే అయ్యేలా మాట్లాడారు.

ఇంటికి వెళ్లాక రెండు వారాలు నిండకముందే ఆమె పోయింది. తెల్లవారుజామున, నొప్పి లేకుండానే అని జిల్లా నర్సు ఫోన్ చేసి చెప్పారు. కొడుకు వీడియోలో చూశాడు. అతనికి సెలవు తర్వాత దొరికింది, పదకొండో రోజుకి అందుకోలేకపోయాడు, నెల మాసికానికి వచ్చాడు.

తర్వాత చేసినవి

మరణం నమోదు 21 రోజుల్లోపు గ్రామ పంచాయతీలో చేయించాలి. అక్కడ రాసే పేరు ఆధార్‌లో ఉన్నట్టే ఉండేలా చూడమని తండ్రికి ముందే చెప్పాం. లేకపోతే సరిచేసిన పీఎఫ్ పేరు మళ్లీ కలవదు. పీఎఫ్ సొమ్ము, భర్తకి నెలవారీ పెన్షన్, ఇన్సూరెన్సు, ఈ మూడింటికీ ఇప్పుడు ఒకటే కంపోజిట్ క్లెయిమ్ ఫారం. ఆమె పని మానేసి ఏడాది దాటింది కాబట్టి ఇన్సూరెన్సు మీద ఆశ పెట్టుకోవద్దని చెప్పాను. పెన్షన్ మాత్రం వస్తుంది, 2014 నుంచి నెలకి కనీసం 1,000 రూపాయలు. రాష్ట్ర ప్రభుత్వం నుంచి ఆమెకి అప్పట్లో నెలనెలా వస్తున్న బీడీ కార్మికుల ఆసరా పెన్షన్ 2,016 రూపాయలు ఆగిపోతుంది. పడుతూనే ఉంటే తర్వాత తిరిగి కట్టమంటారు, అందుకని ఆ సంగతి వాళ్లే వెళ్లి చెప్పారు.

ఇంకొకటి చాలామంది వదిలేస్తారు. దారిద్య్రరేఖకి దిగువన ఉన్న ఇంట్లో సంపాదించే మనిషి 60 ఏళ్లలోపు పోతే జాతీయ కుటుంబ ప్రయోజన పథకం కింద 20,000 రూపాయలు ఇస్తారు. తహసీల్దార్ ఆఫీసులో "సంపాదించేది భర్త కదా" అన్నారట. ఆ పథకం మార్గదర్శకాల్లో గృహిణిని కూడా సంపాదించే మనిషిగానే లెక్కించాలని ఉంది. ఈమె అయితే గృహిణి కూడా కాదు, పీఎఫ్ కట్టిన కార్మికురాలు. ఆ స్లిప్పు జతచేసి మళ్లీ దరఖాస్తు పెట్టించాం.

నా ప్లేస్‌మెంట్ అయిపోయాక కేసు ఇంకో వర్కర్‌కి వెళ్లింది. మాసికానికి వచ్చినప్పుడు కొడుకు హాస్పిస్‌కి వచ్చి, మిగిలిన రెండు ప్యాచ్‌లు సిస్టర్‌కి అప్పగించి, ఫారంలో తండ్రి బ్యాంకు అకౌంటు నంబరు ఒక అంకె తప్పు పడిందని చూపించి దిద్దించుకుని వెళ్లాడని చెప్పారు.